2014లో మొదలైన గీత గురించి

చిరంజీవికి, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. రెండో పేజీలో గ్రాఫ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు కోపం వచ్చింది. ‘మన ఆర్థిక సంస్థల లోతు’, అంటే బ్యాంకులు, అప్పులు జనంలోకి ఎంత మేర చేరాయన్నది, అని పేరు పెట్టి గీతను 2014లో మొదలుపెట్టావు. జన్‌ధన్ ఖాతాలు 50 కోట్లు దాటాయి కాబట్టి లోతు పెరిగినట్టే అని తేల్చేశావు.

ఖాతా ఉండటం వేరు, అది నడవటం వేరు. ప్రపంచ బ్యాంకు సర్వే ప్రకారం మన దేశంలో ఖాతా ఉన్న పెద్దవాళ్లు 2011లో 35 శాతం, 2017లో 80 శాతం. నువ్వు అక్కడితో ఆపేశావు. ఆ 2017 ఖాతాల్లో దాదాపు సగం ఏడాదంతా పైసా వేయక, తీయక పడి ఉన్నాయని కూడా అదే సర్వే చెప్పింది. ఆ మాట వదిలేసి మొదటిది ఒక్కటే రాయడం పాఠకుణ్ని తప్పుదారి పట్టించడమే.

బ్యాంకులు ప్రైవేటు రంగానికి ఇచ్చిన అప్పు జీడీపీలో ఎంత శాతమో చూడటం అందరూ వాడే కొలత. నువ్వూ వాడావు, సంతోషం. కానీ 2020-21లో ఆ శాతం పెరగడం చూసి ‘కరోనాలోనూ బ్యాంకులు ఆదుకున్నాయి’ అన్నావు. ఆ ఏడాది జీడీపీయే కుంగింది. హారం తగ్గితే లవం కదలకపోయినా నిష్పత్తి పెరుగుతుంది కదమ్మా! 2023 జులైలో, బ్యాంకు కాకుండా ఇంటి అప్పులిచ్చే హెచ్‌డీఎఫ్‌సీ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమైనప్పుడు బ్యాంకు అప్పుల మొత్తం ఒక్కసారిగా ఎగిరింది. ఆ ఎగిరినంత మేరా కొత్త అప్పులు కావు. పాత ఇంటి అప్పులే ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి వచ్చాయి. అందుకే రిజర్వు బ్యాంకు ఆ తర్వాత విలీనాన్ని కలిపి ఒక అంకె, కలపకుండా ఒక అంకె ఇస్తూ వచ్చింది. నువ్వు మొదటిదే తీసుకున్నావు. ఏళ్ల తరబడి ఒకదాన్ని కొలుస్తున్నప్పుడు, ఆ కొలిచేది మధ్యలో మారిందా అని పట్టిక కింది చిన్నక్షరాల్లో చూడకుండా ‘పెరిగింది’ అనే మాట రాయకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

ఒక పత్రికలో పనిచేసేటప్పుడు గ్రామీణ శాఖల మీద ఒక వ్యాసం రాశాను. 10 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో ఉంటేనే రిజర్వు బ్యాంకు దాన్ని గ్రామీణ శాఖగా లెక్కేస్తుంది. కొత్త జనగణన అంకెలతో ఊళ్లను మళ్లీ వర్గీకరిస్తే, బోర్డు కూడా మారని శాఖ పట్టణ పద్దులోకి వెళ్లిపోతుంది. లెక్కలో పల్లె శాఖలు తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి ఫుట్‌నోట్‌గా రాసిచ్చాను. ఎడిటర్‌గారు ఫుట్‌నోట్ కొట్టేసి, పల్లెల్లో బ్యాంకులు మూతపడుతున్నాయని హెడ్డింగ్ పెట్టారు. ‘పాఠకులు అవన్నీ చదవరు’ అన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది. ఏ అంకె వచ్చినా ‘రికార్డు’ అనడం, రంగుల మ్యాప్ వేయడం. నువ్వు ఆ దారిన పోవద్దు.

గీతను వెనక్కి తీసుకెళ్లు. 1951-52లో జరిపిన గ్రామీణ రుణ సర్వేలో రైతులు చేసిన అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా ఒక శాతం కూడా లేదు. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసేనాటికి దాదాపు 64 వేల మందికి ఒక బ్యాంకు శాఖ ఉండేది. 1977 నుంచి, బ్యాంకు ఉన్నచోట ఇంకో శాఖ పెట్టాలంటే బ్యాంకే లేని ఊళ్లలో నాలుగు పెట్టాలన్న షరతు వచ్చింది. 1990లో దాన్ని ఎత్తేసే నాటికి శాఖకు 14 వేల జనాభా అయింది. పల్లె అప్పుల్లో బ్యాంకులు, సహకార సంఘాల వంటి సంస్థల వాటా 1991లో 64 శాతానికి చేరింది.

ఆ తర్వాతి ముక్క మీద నువ్వు ఎక్కువసేపు కూర్చోవాలి. 2002 నాటికి ఆ వాటా 57కు పడిపోయింది. అదే కాలంలో జీడీపీతో పోల్చిన బ్యాంకు అప్పు మాత్రం పెరిగింది! దేశం మొత్తం మీద లోతు పెరుగుతుంటే పల్లె మళ్లీ వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కింది. నీ ఒక్క నిష్పత్తిలో ఇది ఎక్కడా కనిపించదు. పదేళ్లకోసారి వచ్చే రుణ, పెట్టుబడుల సర్వేలు పక్కన పెట్టుకుంటేనే కనిపిస్తుంది. 2013లో కూడా పల్లె అప్పుల్లో సంస్థల వాటా 56 శాతం దగ్గరే ఉంది.

నీ వ్యాసంలో నన్ను కదిలించింది చివరి పేజీలో, బ్రాకెట్లలో దాచినట్టు రాసిన ఒక్క వాక్యం. మీ అమ్మకు జన్‌ధన్ ఖాతా ఉందనీ, కౌలు పొలానికి పెట్టుబడి మాత్రం మూడు రూపాయల వడ్డీకే తెస్తుందనీ రాశావు. దాన్ని బ్రాకెట్లలో ఎందుకు పెట్టావు? పట్టాదారు పాస్‌పుస్తకం భూమి యజమాని పేరున ఉంటుంది, పంట రుణం ఎక్కువగా ఆయనకే వెళ్తుంది. జిల్లా లెక్కల్లో అది వ్యవసాయ రుణమే. సాగు చేసేది మీ అమ్మ. ఈ తేడాను కొలవడానికి మన దగ్గర సరైన పట్టికే లేదు. నువ్వు పట్టుకోవాల్సింది దాన్నే.

మీ జిల్లా లీడ్ బ్యాంకు, అంటే జిల్లాలోని బ్యాంకుల రుణాలను సమన్వయం చేసే బ్యాంకు, ఆఫీసుకు వెళ్లి వార్షిక రుణ ప్రణాళికలు అడుగు. దొరికినంత పాతవి అడుగు. విసుక్కుంటారు, అయినా కూర్చో. మీ ఊళ్లో కౌలుకు చేసేవాళ్లను కొంతమందిని కలిసి, పోయిన ఖరీఫ్‌కు ఎవరి దగ్గర ఎంత తెచ్చారో, ఏ వడ్డీకి తెచ్చారో, నోటు రాశారో లేదో అడిగి నోట్‌బుక్‌లో ఎక్కించు. మీ అమ్మతో మొదలుపెట్టు. ఆ కాగితాలు నాకు పంపు.