డాక్సీ, కారు అద్దం, నా కుడి చెయ్యి

యాంటీబయాటిక్ బిళ్లలకి వెలుతురు తగలకూడదంటారు, తగిలితే ఏమవుతుంది అని అడిగారు. బిళ్ల సంగతి తర్వాత. బిళ్ల మింగిన మనిషికి తగిలితే ఏమవుతుందో ముందు చెప్తాను.

మూడేళ్ల కిందట, ఫిబ్రవరి. ముప్పై దాటాక మొటిమలు మొదలైతే చర్మం డాక్టరు డాక్సీసైక్లిన్ (డాక్సీ) అనే యాంటీబయాటిక్ బిళ్లలు రాశారు. మెడికల్ షాపతను కత్తెరతో స్ట్రిప్పు ముక్క కోసిచ్చాడు. జాగ్రత్తల కాగితం ఎప్పట్లాగే అతని డబ్బాలోనే ఉండిపోయింది. ఆ వారమే హైదరాబాద్ నుంచి విజయవాడకి కారు నడుపుకుంటూ వెళ్లాను. ఏసీ వేసి, అద్దాలు ఎక్కించి. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కదా, దారంతా నా కుడి పక్కనే. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు చెయ్యి చుర్రుమంది, పట్టించుకోలేదు. రాత్రికి మోచేతి నుంచి వేళ్ల దాకా కందిపోయింది, దుప్పటి తగిలినా మంట. కాశీ తాడు కట్టిన చోట మాత్రం సన్న గీతలా మామూలు చర్మం. ఎడమ చేతికి ఏమీ లేదు!

మా అత్త "వేడి చేసిందిరా" అని సబ్జా నీళ్లిచ్చింది. ఒక్క చేతికే చేస్తుందా అత్తా? మనవాళ్లు వేడి ఖాతాలో రాసేసేవాటిలో సగం మందుల పనేనని నా గట్టి నమ్మకం.

చర్మంలోకి చేరిన డాక్సీ, ఎండలో కంటికి కనపడని యూవీ-ఏ కిరణాలని పీల్చుకుని, ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి అంటిస్తుంది. రెచ్చిపోయిన ఆక్సిజన్ వెళ్లి చర్మ కణాల పొరల మీద పడుతుంది. ఎండలోనే ఉండే మరో రకం, యూవీ-బీని, అద్దం ఆపుతుంది గానీ, యూవీ-ఏ పక్క అద్దంలోంచి చాలావరకు వచ్చేస్తుంది.

ఇక మందు సంగతి. డాక్సీది టెట్రాసైక్లిన్ మందుల కుటుంబం. అందులో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీ నుంచి వచ్చింది. అక్కడ పరిశోధన నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఈ మందులు పసుపుపచ్చగా ఉంటాయి, వెలుతురు తగిలితే వాటి అణువులు విరిగిపోయి నల్లబడతాయి. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ వాడినవాళ్ల నోట్లో చూడండి. మందు కాల్షియంతో కలిసి పంట్లోనే ఉండిపోతుంది. ముందు వరుస పళ్లు వెలుతురు తగిలి గోధుమ రంగుకి తిరుగుతాయి, దవడ పళ్లు పసుపుగానే ఉంటాయి.

చెయ్యి ఫోటో పంపితే డాక్టరు మందు మార్చారు. "ఎండలో తిరగొద్దన్నాను కదా" అని కోప్పడ్డారు కూడా. తిరగలేదు మేడమ్, ఏసీ కారులో కూర్చున్నాను అన్నాను.