కూలెంట్ తగ్గుతుంటే నీళ్లు పోసి ఊరుకోకు

చిన్నా,

వారానికోసారి ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ డబ్బాలో నీళ్లు పోసుకుంటూ ఆ పాత వ్యాగన్ ఆర్ నెట్టుకొస్తున్నానన్నావు, విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. పోసినవి ఎటు పోతున్నాయో ముందు అది తేల్చు.

రాత్రి బండి పెట్టాక ఇంజన్ కింద పాత అట్ట ఒకటి పరుచు. ఏసీ నీళ్లు కూడా కారతాయి కాబట్టి తడి కనిపించగానే కంగారుపడకు. కూలెంట్ అయితే పచ్చగానో గులాబీగానో నీలంగానో ఉండాలి, కానీ నువ్వు ఇన్నాళ్లూ నీళ్లే పోశావు గనక రంగు పలచబడి ఉంటుంది, వేళ్ల మధ్య రాసి చూడు, కాస్త జారుడుగా ఉండి తియ్యటి వాసన వస్తుంది. చూశాక చేతులు సబ్బుతో కడుక్కుని నేల కూడా కడిగెయ్, అది విషం, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, మీ ఇంట్లో పాకే పాప ఉంది.

పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి రేడియేటర్ పైపుల చివర్లు, క్లిప్పులు చూడు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే కారేది అక్కడే. వేడి మీద మాత్రం రేడియేటర్ మూత తిప్పకు. లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదులైతే చాలు ఒక్కసారిగా ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

బయట తడి లేకుండానే డబ్బా ఖాళీ అవుతుంటే కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూడు, తడిగా ఉంటే హీటర్ కోర్ (బండి లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) పోయినట్టే. ఆయిల్ మూత కింద టీ రంగు నురగ, బండి వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి ఆగని తెల్ల పొగ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) మీద అనుమానం, ఇక స్టార్ట్ చెయ్యకు, టోయింగ్‌కి చెప్పు.

షెడ్డులో ప్రెషర్ టెస్ట్ అడిగి చేయించు, పంపుతో ఒత్తిడి పెట్టి ఎక్కడ కారుతోందో చూస్తారు. లీకు మూసే మందు పోస్తామంటే వద్దను, హీటర్ కోర్‌లో సన్న గొట్టాలు కూడా పూడుకుపోతాయి. ఇంజన్ వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ వాల్వ్ తీసేద్దామన్నా ఒప్పుకోకు, మైలేజీ పడిపోతుంది, లీకు అలాగే ఉంటుంది. రిపేరయ్యాక బోరు నీళ్లు ముట్టుకోకు, మాన్యువల్‌లో రాసిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నారు కదా, మన్ననూరు దాటాక అంతా అడవి, ఘాట్, అక్కడ మెకానిక్ దొరకడం కష్టం. దారిలో ఇంజన్ వేడి చూపించే మీటర్ ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్యాలి. అసలు అప్పటికి లీకు తేలకపోతే మా బండి తీసుకెళ్లు, తాళాలు పిన్నికి ఇచ్చి ఉంచుతాను.

మీ బాబాయ్