ఫోనులో నమోదు చేస్తే చికిత్స మారుతుందా?

ప్రశ్న: మా అమ్మకు తిరుపతిలో కీమోథెరపీ జరుగుతోంది. మాది పలమనేరు దగ్గర పల్లె. ఆమె బాధలను రోజూ యాప్‌లో నమోదు చేయమన్నారు. ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: ఉంటుందమ్మా, అయితే ఆ వివరాలను ఆసుపత్రిలో ఎవరు, ఎప్పుడెప్పుడు చూస్తారో ముందే అడిగి తెలుసుకోండి. ముదిరిన క్యాన్సర్ ఉన్న 766 మందిపై న్యూయార్క్‌లో జరిగి, 2017లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, వికారం, నొప్పి, ఆయాసం వంటివాటిని కంప్యూటరు ద్వారా తామే తెలిపినవారి మధ్యగత జీవితకాలం (సగం మంది అంతకంటే ఎక్కువ కాలం జీవించారని చెప్పే లెక్క) 31.2 నెలలు కాగా, మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారిది 26 నెలలు. బాధ తీవ్రమైనప్పుడు నర్సుకు వెంటనే సమాచారం అందడం అందులో కీలకం. అమ్మ ఏ పూట భోజనం చేయలేకపోతున్నారో, ఏ పని మానుకోలేనంటున్నారో కూడా రాయండి. మందుల మోతాదును, వేళలను ఆమెకు తగినట్లు మార్చడానికి వైద్యులకు అవి ఉపయోగపడతాయి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే మాత్రం యాప్‌లో నమోదు చేసి ఎదురుచూడకుండా, ఆ క్షణమే ఆసుపత్రికి ఫోన్ చేయండి.