నాయకుడు తీవ్ర అనారోగ్యంతో ఉండగా ఆయన తప్పుల గురించి మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. జబ్బు చూసి మనిషి మీద జాలిపడాల్సిందే గానీ, పదవిలో ఉండగా ఆయన చేసినవి దానివల్ల మారిపోవు. ఆ నిర్ణయాల వల్ల నష్టపోయినవాళ్లు ఇంకా మన మధ్యే ఉంటారు. నాయకుడు మంచాన పడ్డంత మాత్రాన వాళ్ల గాయం మానదు కదా.

ఇజ్రాయెల్ ప్రధాని ఏరియల్ షరోన్ సంగతే చూడండి. 2006 జనవరిలో బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కోమాలోకి వెళ్లారు. 2014లో చనిపోయేదాకా, అంటే ఎనిమిదేళ్లు, కోలుకోలేదు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం అదుపులో ఉన్న బీరూట్‌లోని సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థుల శిబిరాల్లో, ఆ సైన్యమే లోపలికి రానిచ్చిన లెబనాన్ మిలీషియా (సాయుధ దళం) ఊచకోత జరిపింది. రక్తపాతం జరగొచ్చని తెలిసే పరిస్థితి ఉన్నా పట్టించుకోలేదని, అప్పటి రక్షణ మంత్రిగా షరోన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉందని మరుసటి ఏడాది ఇజ్రాయెల్ విచారణ కమిషనే తేల్చింది. 2005లో గాజా నుంచి యూదు సెటిల్‌మెంట్లను (ఆక్రమిత భూమిలో కట్టుకున్న కాలనీలను) ఖాళీ చేయించిందీ ఆయనే. కోమా ఈ రెండింటిలో దేన్నీ చెరపలేదు.

విమర్శిస్తే చావు కోరుకున్నట్టేనని చాలామంది పొరబడతారు. ‘ఆ నిర్ణయం వల్ల జనం నష్టపోయారు’ అనడం విమర్శ. ‘తగిన శాస్తి జరిగింది’ అనడం మాత్రం క్రూరత్వమే. జబ్బు ఎవరో వేసిన శిక్ష కాదు.