బిర్యానీ పొట్లాలు వద్దు, దూది తీసుకురా

తమ్ముడూ,

ప్రభువు నామంలో వందనాలు. మీ యూత్ వాళ్ళంతా కలిసి నెలకో ఆదివారం సికింద్రాబాద్ స్టేషన్ పిల్లలకి బిర్యానీ పొట్లాలు పంచి, నాలుగు పాటలు పాడి, కరపత్రాలు ఇద్దామనుకుంటున్నారని, నన్నొచ్చి ప్రార్థనతో ప్రారంభించమని రాశావు. ప్రార్థన చేస్తాను. ప్రారంభం మాత్రం అలా వద్దు.

నర్సుగా రిటైరయ్యాక తొమ్మిదేళ్ళు ఆ ప్లాట్‌ఫారాల మీదే తిరిగాను. మొదటి వారంలోనే ఒక పిల్లాడు నా సంచి వంక చూసి, "నువ్వేం పేరు పెడతావ్?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ముందొచ్చిన అన్నలు వాడికి దావీదు అని పేరు పెట్టారట, తర్వాతొచ్చినవాళ్ళు సమూయేలు అన్నారట. రెండు గుంపులూ ఫొటోలు దిగి వెళ్ళి మళ్ళీ రాలేదు. వాడి అసలు పేరు నాకు తెలిసేసరికి రెండు నెలలైంది. నేను అడగలేదు, చీలమండ పుండుకి కట్టు కడుతుంటే వాడే చెప్పాడు.

అందుకే పొట్లం బదులు కట్టు సామాను పట్టుకెళ్ళమంటాను. స్టేషన్లో తిండి ఎలాగో దొరుకుతుంది. రైళ్ళలో మిగిలింది తింటారు, ఖాళీ సీసాలు ఏరుకుంటే చిల్లర వస్తుంది, ఆ చిల్లర మత్తు కోసం పీల్చే వైట్‌నర్‌కీ పంక్చర్ సొల్యూషన్‌కీ పోతుంది. పుండు అలా కాదు, కట్టు మార్చాలంటే నువ్వు ఎల్లుండి మళ్ళీ రావాలి. దుమ్ముతో అట్టకట్టిన పాత గుడ్డని లాగకు. సెలైన్ పోసి నానేదాకా ఆగు. ఆ ఐదు నిమిషాలు కాలు నీ ఒళ్ళో ఉంటుంది, నోరు ఊరుకోదు. ఏడవడు, బూతులు తిడతాడు. తిట్టనీ.

సొల్యూషన్ పూసిన గుడ్డ ముక్కని చేతిలోంచి లాక్కోవద్దు. మత్తులో ఉన్నవాడికి ప్రసంగమూ వద్దు. మానిపించడం డాక్టర్ల పని. ఏ కొట్టువాడు అమ్ముతున్నాడో చూసి పోలీసులకి చెప్పడం నీ పని.

ఇక నా తప్పు. ఒక వానరాత్రి తొమ్మిదేళ్ళవాణ్ణి ఇంటికి తెచ్చేసుకున్నాను. అమ్మ లేదన్నాడు, నమ్మాను. తలంటి పోశాను, రాత్రిపూట ప్రార్థన నేర్పాను, అందరితో గొప్పగా చెప్పుకున్నాను కూడా. మూడు వారాల తర్వాత స్టేషన్లో ఒకావిడ కొంగుముడి విప్పి, మడతలు పడిన రేషన్ కార్డు జిరాక్సు తీసి నా ముందు పెట్టింది. ఆదోని నుంచి వచ్చిందట. ఫొటోలో ఆమె పక్కన వాడే. "ఎక్కడన్నా చూసినారా అమ్మా?" అంది. ఆ పూట వాడు మా ఇంట్లో ఉప్మా తింటున్నాడు.

కాబట్టి ఎవర్నీ అనాథ అనుకోకు. తాగొచ్చి కొట్టే నాన్న నుంచి పారిపోయినవాడు అమ్మ కూడా లేదంటాడు. ఒంటరి పిల్లవాడు కనిపిస్తే ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఎక్కడ ఉంచాలో వాళ్ళే చెప్తారు. మందిరం వెనక గదిలో పది మంచాలు వేద్దామని మీలో ఒకరికి తప్పక తోస్తుంది, నాకూ తోచింది. రిజిస్ట్రేషన్ లేకుండా హోమ్ నడిపితే ఏడాది దాకా జైలు, లేదంటే కనీసం లక్ష జరిమానా, ఒక్కోసారి రెండూ.

ఫొటోలు అస్సలు వద్దు. అలాంటి పిల్లల పేరూ మొహమూ బయటపెట్టడాన్ని అదే చట్టం నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచు, బైబిల్లో యాయీరు చనిపోయిన కూతుర్ని లేపాక యేసయ్య ఏం చెప్పాడో చూడు. సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దన్నాడు, పిల్లకి తినడానికి పెట్టమన్నాడు. మనం పెట్టేది పెడతాం గానీ మొదటిది ఎగ్గొట్టి స్టేటస్‌లో వేసుకుంటాం.

"మరి సువార్త ఎప్పుడక్కా?" అంటావు. వాళ్ళు అడిగినప్పుడు. అడిగితే దాచొద్దు. కానీ అన్నానికీ మందుకీ ప్రార్థన షరతు పెట్టకు, బాప్తిస్మం ఊసెత్తకు. వాళ్ళు వేరే తల్లుల పిల్లలు, ఆ తల్లుల దేవుళ్ళు వాళ్ళకున్నారు. మనది వేరే సంఘమైనా క్యాథలిక్ ఫాదర్ డాన్ బోస్కో సంగతి నాకిష్టం. 1841 డిసెంబరు 8న ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక కూలి కుర్రాణ్ణి గుడి పనివాడే కొట్టి తరిమితే, ఆయన వెనక్కి పిలిపించి, చదవడం వచ్చా, పాడటం వచ్చా అని అడిగాడట. ఏదీ రాదన్నాడు. చివరికి "ఈల వెయ్యడం వచ్చా?" అంటే వాడు నవ్వాడట. నాకు ఈల రాదు, గోళీలాట వచ్చు. అదే ఆడాను.

పదిహేను మందితో రావొద్దు, పిల్లలు బెదురుతారు. నువ్వూ ఇంకొకరూ చాలు, ఒక చెల్లెలు ఉంటే మరీ మంచిది. ఏ పిల్లవాణ్ణీ ఒంటరిగా చాటుకి తీసుకెళ్ళొద్దు. ముందు రైల్వే పోలీసులకీ పిల్లల హెల్ప్‌లైన్ వాళ్ళకీ మొహం చూపించు. ఆదివారం ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, మంగళవారం రా. సాయంత్రం ఆరున్నరకి పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు, భోయిగూడ గేటు దగ్గర ఉంటాను, మోకాళ్ళు సహకరిస్తే. సెలైన్ నా దగ్గర ఉంది. దూది నువ్వు తీసుకురా.

నీ అక్క