పేటెంట్ కేసులు వాదించే లాయర్‌కి సైన్స్ డిగ్రీ తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కోర్టులో వాదించడానికి లాయర్‌గా అర్హత ఉంటే చాలు, కానీ మందులు, చిప్‌ల లాంటి కేసుల్లో సైన్స్ చదివినవాళ్లకే గిరాకీ.

ఈ కేసుల్లో అసలు గొడవంతా పేటెంట్‌లోని క్లెయిముల మీదే. ఆవిష్కరణ హద్దులు ఎక్కడిదాకానో చెప్పే వాక్యాలవి. అందులో ఒక్కో మాటకు శాస్త్రపరంగా అర్థమేంటో తేల్చాలి, ల్యాబ్ రికార్డులు చదవాలి, అవతలి పక్షం నిపుణుణ్ని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యాలి. ఆయన నేర్పుగా దాటేసిన విషయాన్ని అక్కడికక్కడే పట్టుకోవాలంటే సబ్జెక్టు ఒంటబట్టి ఉండాలి. నా దృష్టిలో అసలు తేడా కనబడేది అక్కడే.

2013లో భారత సుప్రీంకోర్టు తీర్పిచ్చిన, మందుల కంపెనీ నోవార్టిస్ గ్లివెక్ కేసే చూడండి. గ్లివెక్‌లో ఉండే క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపం శరీరానికి 30 శాతం ఎక్కువగా అందుతుందని కంపెనీ వాదించింది. అంతమాత్రాన చికిత్స మెరుగైనట్టు కాదంటూ కోర్టు పేటెంట్ నిరాకరించింది.

చాలామంది పొరబడేది పేటెంట్ ఏజెంట్ పరీక్ష విషయంలో. భారత్, అమెరికాల్లో దానికి సైన్స్ లేదా ఇంజినీరింగ్ చదువు కావాలి. కానీ అది పేటెంట్ ఆఫీసులో దరఖాస్తులు నడిపే పనికి. కోర్టు వాదనకు ఆ షరతు లేదు. ట్రేడ్‌మార్క్ కేసుల్లో అయితే సైన్స్ అవసరం సాధారణంగా రాదు.