ఆ లెన్స్ జోలికి ఇప్పుడే పోవద్దు అల్లుడూ

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. నెల్లూరులో ఎవరి దగ్గరో 70 మిల్లీమీటర్ల వెడల్పు లెన్స్ ముందుండే రిఫ్రాక్టర్ టెలిస్కోప్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నావు, చంద్రుడు బాగానే ఉన్నాడు గానీ గురుగ్రహం మసగ్గా, ఒకవైపు తోక లాగినట్టు కనిపిస్తోందన్నావు, ముందు లెన్స్ విప్పి కడిగేద్దామా అని అడిగావు. వద్దు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేయ్. పాత రిఫ్రాక్టర్‌లో ముందు లెన్స్‌ను అన్నిటికంటే చివర అనుమానించాలి. మిగతావన్నీ చేత్తో తీసి, మార్చి, మళ్ళీ పెట్టుకోవచ్చు, అది మాత్రం ఒకసారి అటూ ఇటూ అయితే మన ఇళ్లల్లో సరిచేయడం బాగా కష్టం. అందుకని కంటి దగ్గర మొదలుపెట్టి ముందుకు పో.

ముందు మూత చూడు. నవ్వొద్దు, ఈ చిన్న టెలిస్కోపుల మూత మధ్యలో ఇంకో బుల్లి మూత ఉంటుంది, చాలామంది అదొక్కటే తీసి ఆ చిన్న కన్నంలోంచి చూస్తూ ఏందిరా ఇంత చీకటి అనుకుంటారు. మూత మొత్తం తీసెయ్యాలి.

తర్వాత ఏ ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్ గొట్టం) పెట్టావో చెప్పు. నీ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్, అంటే ముందు లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 700 ఎంఎం అయితే, 4 ఎంఎం ఐపీస్‌తో 175 రెట్లు అవుతుంది. 70 ఎంఎం లెన్స్ ఎంత బాగున్నా 140 దాటితే బొమ్మ పెద్దదవుతుందే గానీ కొత్తగా ఏమీ కనిపించదు. దానికి తోడు 3ఎక్స్ బార్లో (బొమ్మను ఇంకో మూడు రెట్లు పెంచే అదనపు లెన్స్) తగిలిస్తే 525, అట్టపెట్టె మీద గొప్పగా అచ్చేసేది ఆ అంకెనే, దాన్ని నమ్మొద్దు. 20 లేదా 25 ఎంఎం ఐపీస్ పెట్టి, బార్లో తీసేసి చూడు. అప్పుడు బొమ్మ స్పష్టంగా ఉంటే నీ టెలిస్కోప్‌కి పెద్ద జబ్బేమీ లేనట్టే.

గాలి సంగతి కూడా చూడాలి. ఎండాకాలంలో మీ ఒంగోలు డాబాలు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి, ఆ వేడిగాలి మీదుగా చూస్తే ఎంత మంచి లెన్స్‌లోనైనా గ్రహం ఉడుకుతున్నట్టే ఉంటుంది. నక్షత్రాలు బాగా మిణుకుమంటున్న రాత్రి ఏ నిర్ణయానికీ రావద్దు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే మన సముద్రం గాలికి లెన్స్ మీద చెమ్మ పడుతుంది, దాన్ని తుడవకు, అరగంట ఆగితే అదే పోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. పుస్తకాల్లో ధ్రువ నక్షత్రంతో చెయ్యమంటారు, కదలదని. కానీ మన దగ్గర ధ్రువుడు ఆకాశంలో 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అక్కడంతా దుమ్మూ తేమా. దానికి బదులు బాగా పైకొచ్చిన నక్షత్రాన్ని పట్టుకో. మఖ, రోహిణి, శ్రవణం, ఏ కాలానికి ఏది ఉంటే అది. సరిగ్గా నడినెత్తికి రాకముందే పట్టుకో, లేకపోతే మెడ పట్టేస్తుంది. 10 ఎంఎం ఐపీస్‌తో నడిమధ్యకు తెచ్చి, ఫోకస్‌ను కాస్త లోపలికి, తర్వాత కాస్త బయటికి తిప్పి చూడు. రెండు వైపులా చుక్క చుట్టూ వలయాలు గుండ్రంగా, ఒకదాని మధ్యలో ఒకటి రావాలి.

గుండ్రంగా కాకుండా కోలగా వచ్చి, ఫోకస్ అటు దాటగానే ఆ కోల అడ్డం తిరిగిందనుకో, అప్పుడు ఒక్కొక్కటే తిప్పి చూడు. నీ తల పక్కకు వంచితే కోల కూడా తిరిగిందా, తప్పు నీ కంట్లో ఉంది, కళ్ళజోడు పెట్టుకుని చూడు. ఐపీస్ తిప్పితే తిరిగిందా, తప్పు ఐపీస్‌ది. డయాగ్నల్ (చూపును పక్కకు మళ్ళించే అద్దం ఉన్న వంపు గొట్టం) తీసేసి నేరుగా చూస్తే పోయిందా, దొంగ అదే. ఈ చవక సెట్లలో ఎక్కువసార్లు దొరికేది డయాగ్నలే, లోపలి అద్దం వదులై పక్కకు జరిగి ఉంటుంది. డయాగ్నల్ లేకుండా ఫోకస్ అందకపోతే ఐపీస్‌ను గొట్టంలోంచి కాస్త వెనక్కి లాగి పట్టుకుని చూడు.

ఇవేవీ కాకపోతేనే లెన్స్. వలయాలు మూడు మూలలుగా కనిపిస్తే లెన్స్‌ను పట్టుకునే రింగు మరీ బిగిసిపోయిందని, దాన్ని వెంట్రుకవాసి వదులు చెయ్యి, అంతే. వలయాలు ఒక పక్కకు ఒరిగిపోతే లెన్స్ గానీ ఫోకసర్ (ఐపీస్‌ను ముందుకూ వెనక్కూ జరిపే భాగం) గానీ వంకరగా కూర్చుందని అర్థం. నువ్వు చెప్పిన తోక ఇదే అయి ఉండొచ్చు. ఫోకసర్‌ను గొట్టానికి పట్టించిన మూడు స్క్రూలు చూడు, ఉప్పుగాలికి తుప్పు పట్టి ఒకటి వదులై ఉంటుంది. ఎంత తిప్పినా బొమ్మ ఎక్కడా పదునుకు రాకపోతే మాత్రం, నీకు అమ్మినాయనో అంతకుముందాయనో తుడవడానికి విప్పి ముందు లెన్స్‌లో ఉండే రెండు గాజు అద్దాల్లో ఒకదాన్ని తిరగేసి పెట్టి ఉంటారు. ఆ పని నాకు వదిలెయ్.

టార్చి ఏటవాలుగా వేసి లెన్స్‌లోకి చూస్తే దుమ్ము భయంకరంగా కనిపిస్తుంది, దాని గురించి టెన్షన్ పడకు, బొమ్మకు దానివల్ల వచ్చే నష్టం దాదాపు ఉండదు. గాలి కొట్టే బ్లోయర్‌తో ఊదు, చొక్కా అంచుతో తుడవకు. అంచుల్లో మూడు చోట్ల వెండిరంగు రేకు ముక్కలు కనిపిస్తే అవి చెత్త కాదు, రెండు అద్దాల మధ్య ఖాళీ కోసం పెట్టినవి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. కొంచెమే ఉంటే చూపుకు అడ్డం రాదు గానీ పెరగకుండా పెట్టెలో సిలికా జెల్ సంచులు వెయ్యి. శుక్రుడి చుట్టూ, చంద్రుడి అంచున ఊదారంగు కనిపించడం లోపం కాదు, రెండు అద్దాల లెన్స్‌కు అది సహజం.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఆ సెట్‌తో సూర్యుడి కోసమని ఐపీస్‌కు బిగించే నల్ల గాజు బిళ్ళ వచ్చి ఉంటే ఇవాళే పగలగొట్టి పారెయ్, వేడికి అది చూస్తుండగానే పగులుతుంది, కన్ను పోతుంది. పిల్లలకు అసలు అందనివ్వకు.

ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఆ వలయాలను ఫోకస్‌కు లోపల ఒకటి, బయట ఒకటి ఫోన్‌తో ఫోటో తీసి పంపు. ఏ ఐపీస్‌తో తీశావో, డయాగ్నల్ ఉందో లేదో కూడా రాయి. విప్పాల్సిన అవసరమే ఉంటే కావలికి తీసుకురా, ఇద్దరం కూర్చుని చేద్దాం.

మీ మామయ్య